తొమ్మిది నెలల మోకాలు

హిందూపురం ఎంజీఎం మైదానంలో సాయంత్రం ఆరయింది. మట్టి కోర్టు మీద నీళ్లు చల్లి గంట దాటినా తడి వాసన ఇంకా లేస్తోంది. సున్నం గీతకు ఆనుకుని మీరు నిలబడ్డారు. మీ అక్క కొడుకు, ఈ ఊళ్లోనే డిగ్రీ రెండో ఏడు చదువుతున్నవాడు, కూత పట్టి అవతలి సగంలోకి దూరాడు. మూలనున్న డిఫెండర్ వంగి పాదం అందుకోబోయాడు. మనవాడు కుడికాలు నేలకు గట్టిగా తన్ని ఒళ్లు ఎడమకు తిప్పాడు. ఒళ్లు తిరిగింది. పాదం తిరగలేదు.

కూత ఆగిపోయింది. డిఫెండర్ చెయ్యి ఇంకా జానెడు దూరంలోనే ఉంది.

“టప్ అనింది మామా,” అంటున్నాడు మోకాలు రెండు చేతులా పట్టుకుని. “నాకే ఇనబడింది.”

మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే. ఎవరూ గుద్దరు, ఎవరూ తోయరు. పరుగులో ఉన్నవాడు గబుక్కున ఆగుతాడు, లేదా దిక్కు మారుస్తాడు, లేదా ఎగిరి ఒంటికాలి మీద దిగుతాడు. కబడ్డీలో ఈ మూడూ ఒక్క రైడ్‌లోనే వస్తాయి.

చుట్టూ మూగారు. ఒకడు స్ప్రే కొడుతున్నాడు. ఇంకొకడు కాలు పట్టి లాగితే సర్దుకుంటుందని ముందుకొచ్చాడు. ముందు అతన్ని పక్కకు తప్పించండి. లాగొద్దు, పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. సోడా బండి దగ్గర ఐసు దొరుకుతుంది, తువ్వాల్లో చుట్టి పెట్టండి.

పది నిమిషాలకు నొప్పి తగ్గింది. కుర్రాడు లేచి నాలుగడుగులు వేశాడు కూడా. “ఏం లేదు మామా, ఇంగొక రైడ్ పోయొస్తా.” అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది. తెగిన లిగమెంటుతో తిన్నగా నడవొచ్చు. మలుపు తిరిగినప్పుడే మోకాలు జారుతుంది, ఆ జారుడులో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి మెనిస్కస్ నలిగి చిరుగుతుంది. అతన్ని గీత దాటనివ్వకండి. గడియారం చూసుకోండి. దెబ్బ తగిలిన గంటా రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. ఏడున్నరకు అతని గదికి చేరేసరికి ప్యాంటు మోకాలి దగ్గర బిగుసుకుపోయింది.

రాత్రి ధర్మవరం నుంచి అక్క ఫోను.

“పుత్తూరుకు తీస్కపోదాంరా తమ్ముడా. మీ బావ చెయ్యి ఇరిగినప్పుడు ఆడే గదా కుదిరింది.”

సీమలో ఎముక విరిగిన ఇంట్లో పుత్తూరు పేరు రాకుండా ఉండదు. తిరుపతి దగ్గరి ఆ ఊరి పక్కన రాచపాళెంలో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పేర్చి గుడ్డతో కడతారు. తరాలుగా జనం పోతూనే ఉన్నారు. దాన్ని వెక్కిరించే పని నాకు లేదు. ఎముకను సరిగ్గా కూర్చి కదలకుండా ఉంచితే చాలా విరుగుళ్లు అతుక్కుంటాయి, కట్టింది ఎవరైనా సరే. అయితే కట్టు మరీ బిగిస్తే కిందికి రక్తం ఆడక కాలికే ముప్పు వస్తుంది. పైగా ఇప్పుడు తెగింది ఎముక కాదు. ఏసీఎల్ కీలు మధ్యలో, జిగటగా ఉండే కీలు నీటిలో ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలిస్తేనే అతుకు పడుతుంది, ఆ నీటిలో గడ్డ నిలవదు. అందుకే అది తనంతట తాను అతకదని డాక్టర్లు చాలాకాలం చెబుతూ వచ్చారు.

ఇక్కడొక చిత్రముంది. 2023లో ఆస్ట్రేలియా వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తగా ఏసీఎల్ తెగిన 80 మందికి మోకాలిని సరిగ్గా 90 డిగ్రీలు వంచి నాలుగు వారాలపాటు బ్రేసుతో బిగించారు, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతూ పన్నెండో వారానికి తీసేశారు. మూడు నెలలకు ఎంఆర్‌ఐ తీస్తే 72 మందిలో లిగమెంటు మానుతున్న గుర్తులు కనిపించాయి. వంచితే తెగిన కొసలు దగ్గరవుతాయన్నది వాళ్ల లెక్క. పోల్చి చూసేందుకు వేరే జట్టు లేని అధ్యయనం అది, పైగా అన్నాళ్లు కాలు కదపకపోతే రక్తనాళాల్లో గడ్డలు కట్టే భయమూ ఉంది. ఇంట్లో గుడ్డతో చేసుకునే పని మాత్రం కాదు. అయినా కట్టుకు మళ్లీ ఒక కుర్చీ వేశారు, అది మన అక్కతో చెప్పొచ్చు.

మర్నాడు డాక్టరు గది. కుర్రాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ అదిమి, రెండో చెయ్యి పిక్క వెనక వేసి ముందుకు లాగుతున్నాడు. ముందు మంచి కాలు: కొంచెం కదిలి ఠక్కున ఆగింది. తర్వాత దెబ్బ కాలు: కదిలింది, ఇంకా కదిలింది, ఆ ‘ఠక్కు’ రానేలేదు. మీరూ దగ్గరగా వంగి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. ఎంఆర్‌ఐ చెప్పిందీ అదే.

“ఆపరేషన్ ఈ వారమే చేయించాల్నా సార్?” బావ అడుగుతున్నాడు. తెల్లవారుజామున ధర్మవరంలో రైలెక్కి వచ్చాడు.

అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీ యువకులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేశారు. రెండో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. 2010లో ఫలితం వచ్చింది. రెండేళ్ల తర్వాత రెండు జట్ల మోకాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులోని 59 మందిలో 36 మంది ఆపరేషన్ దాకా పోనేలేదు. అందులో వృత్తి క్రీడాకారులు లేరన్నది గుర్తుంచుకోవాలి. మనవాడికి వ్యాయామం మొదలుపెట్టాక కూడా మోకాలు జారుతూనే ఉంది, కబడ్డీ మాననంటున్నాడు. కాబట్టి కొన్ని వారాల తర్వాత బెంగళూరులో ఆపరేషన్. దాని గురించి చెప్పేందుకు పెద్దగా లేదు, గంటన్నరలో అయిపోయింది. చెప్పుకోవాల్సింది, ఆ తర్వాత తొమ్మిది నెలలు ఆట వద్దన్నప్పుడు బావ అడిగిన రెండో ప్రశ్న గురించి.

“పడుగు పోగు తెగితే మేము ముడేస్తాం సార్. నిమిషం పని. దీనికి తొమ్మిది నెలలెందుకు?”

ముప్పయ్యేళ్లు మగ్గం మీద కూర్చున్నవాడు అడగాల్సిన ప్రశ్నే. జవాబు: ఇది ముడి కాదు. తెగిన లిగమెంటును చాలాసార్లు కుట్టరు, తీసేస్తారు. తొడ వెనక ఉన్న స్నాయువు ఒకటి తీసి, ఎముకల్లో సన్నటి సొరంగాలు తొలిచి, కొత్త పోగులా బిగిస్తారు. బిగించిన రోజున అది గట్టిదే. ఆ తర్వాత రక్తం అందక దాని కణాలు చస్తాయి. మెల్లగా కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి, కొత్త కణాలు చేరతాయి, స్నాయువు లిగమెంటుగా మారడం మొదలవుతుంది. ఈ మార్పు మధ్యలో, తొలి రెండు మూడు నెలల్లో, అది బాగా బలహీనం. సరిగ్గా అప్పుడే నొప్పీ వాపూ పోయి కుర్రాడికి పరుగెత్తాలనిపిస్తుంది.

అందుకే అతన్ని మీ పెనుకొండ ఇంటికి తెచ్చుకున్నారు. మైదానానికి దూరంగా.

మొదటి నెలల సామగ్రి ఒక గోడ, ఒక కుర్చీ, చుట్టిన తువ్వాలు. మోకాలి కింద తువ్వాలు పెట్టి, దాన్ని నేలకు అదుముతూ తొడ బిగించాలి. తొడ మీద చెయ్యి వేసి చూడండి. ఎడమ తొడ రాయిలా ఉంది, కుడి తొడ చేతికి మెత్తగా జారుతోంది. ఆపరేషన్ బాగా జరిగిన కాలు కూడా ఇట్లాగే చిక్కిపోతుంది. లిగమెంటును కాపాడేది ఈ కండే. డబ్బంతా ఆపరేషన్‌కు పెట్టి ఫిజియోథెరపీ దగ్గర పొదుపు చేసే ఇళ్లు నేను చాలా చూశాను. నా మట్టుకు, రెంటిలో ఒకటి తగ్గించమంటే రెండోది తగ్గించొద్దంటాను.

తెల్లవారుజామున ఐదు. రోడ్డు మీద పోలీసు, ఆర్మీ ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే పిల్లలు గుంపుగా పోతున్నారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్ల పరుగుంటుంది. నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా తారురోడ్డు మీద మొదలుపెడితే ముంగాలి ఎముక నొప్పి పుడుతుంది. పట్టించుకోకపోతే అదే ఎముకలో సన్నటి చీలిక కావొచ్చు. 2022లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పి.వి.సింధును నెలల తరబడి ఆటకు దూరం చేసింది కూడా పాదంలో అట్లాంటి చీలికే. పరుగెత్తే ఆ పిల్లలను చూసి మనవాడి కాళ్లు ఊరుకోవడం లేదు.

“కొండెక్కుదాం మామా.”

1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని తెచ్చుకున్న కొండ ఇది. ఎక్కడం ఆయాసమే అనిపిస్తుంది. దిగడం చూడండి. బెర్లిన్ పరిశోధకులు ఐదుగురు రోగుల కృత్రిమ మోకాళ్లలోనే సెన్సర్లు అమర్చి బరువు కొలిచారు. చదును నేల మీద నడిచేటప్పుడు ఒంటి బరువుకు 2.6 రెట్లు, మెట్లెక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు దాదాపు 3.5 రెట్లు పడింది. అరవై కిలోల మనిషి ప్రతి దిగుడు మెట్టు దగ్గరా రెండు వందల కిలోలకు పైగా మోకాలి మీద దించుతున్నాడన్నమాట. ఇవాళ్టికి కొండ కింద గగన్ మహల్ దాకా నడిపించండి. కొండ తర్వాత.

ఆరో నెలలో హిందూపురం నుంచి జట్టు వాళ్ల ఫోను వస్తుంది. టోర్నమెంటు ఉంది, ఒక్క మ్యాచే, మోకాలికి క్యాపు వేసుకుంటే చాలంటారు. ఈ ఫోను మీరే తీయండి. 2016లో అచ్చయిన అధ్యయనంలో నార్వే, అమెరికా పరిశోధకులు ఆపరేషన్ అయిన 106 మందిని రెండేళ్లు గమనించారు. తొమ్మిది నెలల దాకా ఆటకు వెళ్లడం ఎన్ని నెలలు ఆలస్యమైతే, ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బతినే రేటు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. కాలి బలం, గెంతుడు పరీక్షల్లో రెండు కాళ్లూ సమానమని తేలాకే ఆడినవాళ్లలో మళ్లీ దెబ్బతిన్నది నూటికి ఆరుగురు కూడా లేరు. తేలకముందే దిగినవాళ్లలో 38 మంది. పుల్లెల గోపీచంద్‌కు మోకాలి లిగమెంటు తెగింది 1994లో. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచింది 2001లో. ఆ పేరు చెబితే కుర్రాడు కొంచెం వింటాడు.

ఏడో నెల. ధర్మవరం. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు. ముందు గదిలో గుంట మగ్గం, పడుగు మీద మామిడిపిందె రంగు పట్టు, జరీ అంచు. బావ కాళ్లు గుంటలో ఉన్నాయి, పాదాలు పలకలు తొక్కుతున్నాయి, నాడె అటూ ఇటూ పోతోంది. పని చేస్తున్నంతసేపు ఆయన మొహంలో నొప్పి లేదు. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు చూడండి. రెండు చేతులూ గట్టు మీద ఆనించి, ఎడమకాలు పైకి తెచ్చి, ఒక క్షణం ఆగి, పళ్లు బిగించి లేచాడు.

“గుజ్జు అరిగిపోయిందంటప్పా,” నవ్వుతున్నాడు. “యాభై ఐదొచ్చినాయి గదా.”

ఈ సీమలో కీళ్లు పట్టేస్తే ముందు నీళ్లనే అనుమానిస్తారు, ఊరికే కాదు. ఫ్లోరైడ్ నీరు వెన్నునూ కీళ్లనూ బిగదీస్తుందని మన దేశంలో తొలిసారి వైద్య పత్రికకెక్కింది 1937లో, నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. అనంతపురం జిల్లా ఊళ్లకు సత్యసాయి తాగునీటి పథకం 1990ల మధ్యలో వచ్చిందీ ఆ బాధ వల్లనే. బావది మాత్రం ఆ బాధ కాదని డాక్టరు తేల్చాడు, ఇది అరుగుదలే.

ఇప్పుడు తండ్రీ కొడుకులను పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన ఫుట్‌బాల్ అమ్మాయిలను పన్నెండేళ్ల తర్వాత పిలిచి ఎక్స్‌రే తీశారు. సగటు వయసు 31. సగం మందికి మోకాళ్లలో అరుగుదల కనిపించింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ అందులో తేడా లేదు. అంటే బావకు మగ్గం యాభై ఐదుకు ఇచ్చిన మోకాలిని, కొడుక్కి ఆ సాయంత్రపు రైడ్ ముప్పైకే ఇవ్వగలదు. తొమ్మిది నెలల ఆంక్ష అసలు ఈ టోర్నమెంటు గురించి కానే కాదు.

మందు ఇద్దరికీ చాలావరకు ఒకటే. కీలు లోపల కడిగి శుభ్రం చేసే ఆపరేషన్ గురించి బావకు ఎవరో చెప్పారు. 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో అరిగిన మోకాళ్లున్న 180 మంది మీద పరీక్షిస్తే, నిజంగా కడిగినా, ఊరికే చర్మం మీద కోసి కుట్టినా ఫలితం ఒకటే వచ్చింది. తొడ కండకు పని చెప్పడం, బరువు తగ్గడం మాత్రం నిలిచే వైద్యం. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోలు తగ్గినట్టు. సాయంత్రం మగ్గం ఆపాక తండ్రి కుర్చీ ముందు నిలబడి, చేతులు ఆనించకుండా లేస్తూ కూర్చుంటూ ఉంటే కొడుకు లెక్కపెడుతున్నాడు.

“ఇంగొక పదినా?”

“పదే నాయనా.”

ఇది చదువుతున్న పీఈటీ సార్లకు, ఊరి జట్లు నడిపే అన్నలకు ఒక మాట. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ ఆడపిల్లలు 1892 మందితో చేసిన ప్రయోగం 2008లో అచ్చయింది. ఆటకు ముందు ఇరవై నిమిషాలు పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం, తొడ కండల వ్యాయామం చేయిస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, మట్టి మైదానం చాలు. ముఖ్యంగా ఆడపిల్లల జట్లకు చేయించండి, ఏసీఎల్ తెగే ప్రమాదం వాళ్లకే ఎక్కువ. రేపటి ప్రాక్టీసు నుంచే మొదలుపెట్టండి.