నీటి లెక్క తేలాకే నేల లెక్క

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడి కాలపు ఈ సంస్కృత శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెబుతుంది. కట్ట ఊరడం, చవుడు నేల, నడుమ మెరక వంటి దోషాలు ఎవరైనా ఊహించేవే. నీరు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం కూడా అందులో దోషాలే. అంటే ఎంత నీటికి ఎంత ఆయకట్టు అన్నది కట్ట వేయకముందే తేల్చుకోవాలి. ఊరి నేలను పంచుకునే పద్ధతికి ఇంతకన్నా గట్టి పునాది నాకు కనిపించదు.

అంతకు ముందే కాకతీయుల నాడు ఓరుగల్లు సీమలో గొలుసుకట్టు చెరువులు అల్లుకున్నాయి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండాలి కనుక నడుమ వాగును ఎవరూ పూడ్చకూడదు. చెరువు లోపలి శిఖం భూమి నీరు తీశాకే సాగుకొచ్చేది. చెరువు తవ్వినవారికి, బాగుచేసినవారికి దాని కిందే దశబంధ మాన్యం దక్కేది. చెరువు ఎండితే మాన్యమూ ఎండుతుంది. అందుకే కాపలా వేరే అక్కర్లేకపోయింది.

ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో చెరువుకూ మాన్యానికీ ఉన్న ఈ ముడి వదులైంది. ఊరు మానేస్తున్న మరమ్మతు పనిని జరిమానాతో చేయించేందుకు 1858లో మద్రాసులో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చారు. మాన్యం చేసిన పని చట్టం చేయలేకపోయింది.

హైదరాబాదుకు పాఠం 1908 సెప్టెంబరు 28న మూసీ వరదగా వచ్చింది. వేలమంది పోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువనే వరదను పట్టి ఉంచాలన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో 111 జీవో వెలువడింది. 10 కిలోమీటర్ల పరిధిలో, 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను ఆపింది. 2000లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది.

ఆ జీవో అవసరమైనదే. అయితే అందులో దశబంధం లాంటిది లేదు. పట్నం నీటిని కాచే రైతుకు పట్నం ఏమీ ఇవ్వలేదు. పక్క ఊళ్లలో ఎకరం ధర ఆకాశానికి ఎక్కుతుంటే తమ నేల అక్కడే ఉండిపోయిందన్న వాళ్ల బాధను స్వార్థమనడం అన్యాయం. ఆ బాధకు పరిహారం వెతకాల్సిన చోట, 2022లో 69వ జీవోతో ఆంక్షలనే సడలించారు. తాగునీటికి ఇప్పుడు కృష్ణా, గోదావరి ఉన్నాయన్నది అప్పటి వాదన. కానీ ఆ జలాశయాలు కట్టించింది దాహం ఒక్కటే కాదు, 1908 వరద కూడా. మూసీ, దాని ఉపనది ఈసీ ఇప్పటికీ ఆ 84 ఊళ్ల మీదుగానే నగరానికి దిగుతున్నాయి.