కనపడని దాని తూకం

జాన్ డాల్టన్ 1808లో అచ్చువేసిన పట్టికలో హైడ్రోజన్ బరువు 1, నత్రజని 5, కర్బనం 5, ఆక్సిజన్ 7. ఈ అంకెల పక్కన గ్రాములని గానీ, మరో కొలమానం గానీ లేదు. హైడ్రోజన్ పరమాణువు ఎంత బరువుంటుందో ఎవరికీ తెలియదు కనుక దాన్నే ఒకటి అనుకుని, మిగతావి దానికి ఎన్ని రెట్లో చెప్పాడాయన. మాంచెస్టర్‌లో పిల్లలకు చదువు చెప్పుకుంటూ, చనిపోయేదాకా వాతావరణం వివరాలు రోజూ రాసిపెట్టుకున్న మనిషి. పదార్థానికి విడదీయరాని తుది కణం ఉంటుందని గ్రీకు తత్వవేత్తలూ, మన కణాదుడూ ఎప్పుడో ఊహించారు. డాల్టన్ ఆ కణానికి ఒక అంకె ఇచ్చాడు. అంకె ఇచ్చాక అది తప్పో ఒప్పో తేల్చుకోవచ్చు. ఆయన ఇచ్చినవి చాలావరకు తప్పే. వాటిని సరిదిద్దుకోవడానికి రసాయనశాస్త్రానికి యాభై ఏళ్లు పట్టింది.

చిక్కంతా నీటి దగ్గర వచ్చింది. నీటిని విడగొట్టి తూచితే ఒక పాలు హైడ్రోజన్‌కు సుమారు ఎనిమిది పాళ్లు ఆక్సిజన్ ఉంటుంది. ఆనాటి తూకాలు అంత నికార్సైనవి కావు గనుక డాల్టన్‌కు అది ఏడుగా తేలింది. కానీ నీటి కణంలో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో తెలియకుండా ఈ తూకం నుంచి ఆక్సిజన్ పరమాణువు బరువు చెప్పడం కుదరదు. ఒకటికి ఒకటి అయితే ఎనిమిది, రెండు హైడ్రోజన్‌లకు ఒక ఆక్సిజన్ అయితే పదహారు. రెండు మూలకాలు కలిసి ఒకే సమ్మేళనం ఇస్తుంటే అది ఒకటికి ఒకటిగానే కలిసి ఉంటుందని డాల్టన్ నియమం పెట్టుకున్నాడు. ఆ నియమానికి ప్రయోగాల ఆధారం ఏదీ లేదు, సులువుగా ఉండడమే దాని బలం.

డాల్టన్ పట్టిక వచ్చిన మరుసటి ఏడే పారిస్‌లో గే-లుసాక్ వాయువుల ఘనపరిమాణాల మీద తన ఫలితాలు ప్రచురించాడు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది. సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో కణాలుంటాయనుకుంటే, ఒక లీటరు ఆక్సిజన్ రెండు లీటర్ల ఆవిరికి సరిపోవాలంటే ప్రతి ఆక్సిజన్ కణమూ రెండుగా చీలాలి. పరమాణువు చీలదు కదా, కాబట్టి గే-లుసాక్ కొలతల్లోనే లోపముందని డాల్టన్ తీర్మానించాడు. 1811లో ట్యూరిన్ వాడైన అమెడియో అవొగాడ్రో దారి చూపించాడు. చీలేది పరమాణువు కాదు, అణువు. ఆక్సిజన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఈ ఒక్క మాటతో డాల్టన్ సిద్ధాంతమూ, గే-లుసాక్ కొలతలూ రెండూ నిలబడతాయి.

అయినా ఆ మాటను దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. దీనికి కారణం రసాయనవేత్తల మొండితనం అని సరిపెట్టుకోవడం అన్యాయం. స్టాక్‌హోంలో బెర్జీలియస్ ఆక్సిజన్‌ను 100గా పెట్టుకుని, ఏళ్ల తరబడి రెండు వేల దాకా సమ్మేళనాలను విశ్లేషించి, ఆ కాలంలో ఎవరూ అందుకోలేనంత మంచి పట్టికలు తయారుచేశాడు. ఆయన దృష్టిలో రసాయన బంధమంటే ధన, రుణ విద్యుత్తుల ఆకర్షణ. ఒకే రకం పరమాణువులు రెండు ఒకదాన్నొకటి ఎలా ఆకర్షించుకుంటాయి? ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇరవయ్యో శతాబ్దంలో క్వాంటం సిద్ధాంతం వచ్చేదాకా దొరకలేదు. అవొగాడ్రో చెప్పింది నిజమే, అది ఎందుకు నిజమో చెప్పే సామగ్రి మాత్రం అప్పటికి లేదు.

ఫలితం గందరగోళం. కర్బనం కొందరికి 6, కొందరికి 12. ఆక్సిజన్ కొందరికి 8, కొందరికి 16. జర్మన్ రసాయనవేత్త కెకూలే 1861లో రాసిన పాఠ్యగ్రంథంలో ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే, అంటే మామూలు వెనిగర్‌లోని ఆమ్లానికే, వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను వరసపెట్టి చూపించాడు. ఈ చిక్కు విప్పుకుందామని 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహె పట్టణంలో వందమందికి పైగా రసాయనవేత్తలు మూడు రోజులు సమావేశమయ్యారు. తీర్మానమేదీ కాలేదు. విడిపోయేటప్పుడు మాత్రం ఇటలీ నుంచి వచ్చిన స్తనిస్లావ్ కన్నిజారో రాసిన చిన్న పుస్తకాన్ని ఆయన మిత్రుడు పవేసి పంచిపెట్టాడు. తన విద్యార్థులకు పాఠం ఎలా చెబుతున్నాడో వివరిస్తూ కన్నిజారో రెండేళ్ల ముందే దాన్ని అచ్చువేయించాడు.

అందులోని వాదన ఎంత సూటిగా ఉంటుందంటే, ఇప్పటికీ పిల్లలకు పరమాణు భారం అలాగే చెప్పాలనిపిస్తుంది. రెండు సంచుల్లో గింజల సంఖ్య సమానమని తెలిస్తే చాలు, ఒక్క గింజనూ విడిగా తూచకుండా కందిగింజ శనగగింజలో ఎన్నో వంతో చెప్పేయవచ్చు. అవొగాడ్రో మాట నమ్మితే, సమాన ఘనపరిమాణాల వాయువులు అలాంటి సంచులే. హైడ్రోజన్ అణువు బరువును 2గా పెట్టుకుని, కర్బనం ఉన్న వాయువులన్నిటినీ తీసుకుని ఒక్కో అణువులో కర్బనం వాటా ఎంతో లెక్కిస్తే 12, 24, 36 ఇలా వస్తుంది. 12కు తగ్గి ఎక్కడా రాదు. కాబట్టి కర్బన పరమాణువు బరువు 12. ఇదే పద్ధతిలో ఆక్సిజన్‌కు 16 వస్తుంది. సమావేశానికి వచ్చినవాళ్లలో రష్యా యువకుడు మెండెలీవ్, జర్మన్ రసాయనవేత్త లోథర్ మేయర్ ఉన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఆవర్తన పట్టిక ఈ సరిదిద్దిన బరువుల మీదే లేచింది. అవొగాడ్రో ఇవేవీ చూడలేదు, 1856లోనే కన్నుమూశాడు.

మెండెలీవ్ ఒక అడుగు ముందుకు వేసి, పట్టికలో చోటు కుదరని చోట బరువునే అనుమానించాడు. యురేనియం 120 కాదు, 240 అన్నాడు. అది దాదాపు సరైనదే. టెల్లూరియం విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పింది. గుణాలను బట్టి అయోడిన్‌కు ముందు రావలసిన టెల్లూరియం, తూకంలో దానికంటే బరువైనది. తూచడంలో పొరపాటని ఆయన నమ్మాడు. ఎంత శుద్ధి చేసి తూచినా టెల్లూరియం 127.6 దగ్గర, అయోడిన్ 126.9 దగ్గర నిలిచాయి. చివరికి 1913లో మోస్లీ అనే కుర్రవాడు మూలకాల ఎక్స్-కిరణాల పౌనఃపున్యాలు కొలిచి, పట్టికలో స్థానాన్ని నిర్ణయించేది బరువు కాదనీ, కేంద్రకంలోని ధనావేశమనీ తేల్చాడు. టెల్లూరియం 52, అయోడిన్ 53. పరమాణు సంఖ్యకు ప్రయోగాల పునాది వేసిన మోస్లీ రెండేళ్లకే గలిపొలి యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు.

బరువుల కథలో అంతకంటే పెద్ద కుదుపు సీసం నుంచి వచ్చింది. హార్వర్డ్‌లో థియొడర్ రిచర్డ్స్ జీవితమంతా పరమాణు భారాలు తూచడానికే వెచ్చించాడు. ఒక మూలకం ఎక్కడి నుంచి తెచ్చినా దాని పరమాణు భారం ఒకటే ఉంటుందన్నది ఆ పనికంతటికీ ఆధారం. యురేనియం, థోరియం క్షీణించి చివరికి సీసంగా మారతాయనీ, ఆ రెండు రకాల సీసం బరువు వేరుగా ఉండాలనీ రసాయనవేత్తలు సాడీ, ఫాయన్స్ వాదిస్తున్న రోజులవి. 1914లో రిచర్డ్స్ యురేనియం ఖనిజాల సీసం తెప్పించి తూచాడు. మామూలు సీసం 207.2 ఉంటే ఇది తక్కువ తూగింది, నార్వే క్లీవైట్ ఖనిజపు సీసమైతే తర్వాత 206.08 దాకా దిగింది. అదే ఏడు వియన్నాలో హోనిగ్‌ష్మిట్, స్తెఫానీ హోరోవిట్స్ కూడా అదే చూపించారు. శుద్ధి చేసి తూచే కఠోరమైన పని హోరోవిట్స్‌ది. తర్వాతి కాలంలో ఆమెను నాజీలు ట్రెబ్లింకా శిబిరంలో చంపేశారు. రసాయనశాస్త్ర చరిత్రలో ఆమె పేరు ఉండవలసినంతగా లేదు. థోరియం ఖనిజాల సీసం 208కి చేరువగా తూగింది. తన జీవితకాలపు పనికి ఆధారమైన నమ్మకాన్ని తన త్రాసుతోనే పడగొట్టడానికి రిచర్డ్స్ వెనకాడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో కేంబ్రిడ్జ్‌లో ఆస్టన్ తన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో, మామూలు మూలకాలూ మిశ్రమాలేనని చూపించాడు. క్లోరిన్‌లో 35, 37 బరువుల పరమాణువులు సుమారు మూడుకు ఒకటి చొప్పున కలిసి ఉంటాయి. ఆ సగటే 35.5. పరమాణు భారాలన్నీ పూర్ణాంకాలై ఉండాలని 1815లో ప్రౌట్ చేసిన ప్రతిపాదనను వమ్ము చేసింది ఈ 35.5 లాంటి అంకెలే. బెల్జియంలో స్టాస్ ఆ ప్రతిపాదన మీద నమ్మకంతో తూచడం మొదలుపెట్టి, తన తూకాలే ఎదురు చెప్పడంతో దాన్ని భ్రమగా కొట్టివేశాడు. ఇద్దరిలోనూ నిజం ఉంది. ఆస్టన్ కొలతల్లో పూర్ణాంకాలకు మిగిలిన చిన్నచిన్న తేడాలు కూడా వృథా పోలేదు, కేంద్రకాన్ని కట్టి ఉంచే శక్తి లెక్క వాటి నుంచే వచ్చింది.

ఇంతవరకు చెప్పినవన్నీ నిష్పత్తులే. ఒక్క పరమాణువు గ్రాముల్లో ఎంత? 1865లో వియన్నా ఉపాధ్యాయుడు లోష్మిట్ వాయువుల చలన సిద్ధాంతం నుంచి గాలి అణువు వ్యాసాన్ని లెక్కగట్టాడు. మిల్లీమీటరులో పది లక్షల వంతు వచ్చింది. నేటి విలువకు సుమారు మూడు రెట్లు ఎక్కువే, కానీ అప్పటిదాకా చేతిలో ఏమీ లేనిచోట అది గొప్ప అడుగు. అయినా రసాయనవేత్త ఓస్ట్‌వాల్డ్ వంటి పెద్దలు పరమాణువును లెక్కలకు పనికొచ్చే ఊహగానే చూశారు.

వాళ్ల పట్టు సడలించినవాడు పారిస్‌లోని జాన్ పెరాన్. గాంబోజ్ అనే పసుపురంగు చెట్టుబంకను నీటిలో కలిపితే సూక్ష్మదర్శినికి అందే గుళికలు తేలతాయి. పెరాన్‌కు అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నవి కావాలి. కిలో బంకను నెలల తరబడి సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేయగా గ్రాముకన్నా తక్కువ దక్కింది. వాటిని నీటిలో వదిలి వేరువేరు ఎత్తుల్లో లెక్కపెట్టాడు. ప్రతి 30 మైక్రాన్ల ఎత్తుకు గుళికలు సుమారు సగానికి తగ్గుతూ వచ్చాయి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడే సూత్రమే ఇదీ. గుళిక బరువు కొలవవచ్చు కాబట్టి, దాంతో పోల్చి గాలి అణువు బరువు చెప్పవచ్చు. ఒక మోల్‌లోని, అంటే అణుభారం ఎంతో అన్ని గ్రాముల పదార్థంలోని, అణువుల సంఖ్య 7×10²³ చుట్టుపక్కల తేలింది. దానికి అవొగాడ్రో పేరు పెట్టింది కూడా పెరానే, 1909లో. 1913 నాటి తన గ్రంథంలో ఆయన వాయువుల స్నిగ్ధత, ఆకాశపు నీలిరంగు, కొలిమి వెలుగు, రేడియోధార్మికత, బ్రౌనియన్ చలనం వంటి పరస్పరం సంబంధం లేని మార్గాల్లో వచ్చిన విలువలను ఒకచోట చేర్చి, అన్నీ 6×10²³ నుంచి 7.5×10²³ మధ్యే పడుతున్నాయని చూపించాడు. పరమాణువు ఉందనడానికి ఇంతకంటే బలమైన వాదన నేనెక్కడా చదవలేదు. లేని వస్తువును ఇన్ని దారుల్లో లెక్కపెడితే ఒకే జవాబు రాదు. పెరాన్ తొలి ఫలితాలు బయటపడగానే ఓస్ట్‌వాల్డ్ 1909లో తన అభిప్రాయాన్ని మార్చుకుంటున్నట్టు తన పాఠ్యగ్రంథంలోనే రాశాడు.

తర్వాతి పని సానబట్టడం. ఒక మోల్ ఏకసంయోజక పదార్థాన్ని విద్యుద్విశ్లేషణ చేయడానికి 96,485 కూలుంబులు కావాలని ఫారడే కాలం నుంచి తెలుస్తూ వచ్చిందే. ఎలక్ట్రాన్ ఆవేశం తెలిస్తే భాగహారంతో అవొగాడ్రో సంఖ్య వచ్చేస్తుంది. మిలికన్ నూనె బిందువులతో ఆ ఆవేశం కొలిచి 6.06×10²³ అన్నాడు. ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను కొలిచినవాళ్లకు కొంచెం తక్కువ వచ్చింది. 1930లలో తేలిందేమంటే, మిలికన్ వాడిన గాలి స్నిగ్ధత విలువలోనే లోపం ఉంది. ఇంటర్‌లో మన పిల్లలు తరాల తరబడి వల్లెవేసిన 6.023 ఈ సవరణల తర్వాత స్థిరపడిన అంకె.

ఈలోగా కొలబద్ద పునాదే కదిలింది. ఆక్సిజన్‌ను 16గా అందరూ ఒప్పుకుని ఉండగా, 1929లో ఆక్సిజన్‌లోనూ 17, 18 బరువులున్నవి కొద్దిగా ఉన్నాయని బయటపడింది. భౌతికశాస్త్రజ్ఞులు తేలికైన ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణు రకం) ఒక్కదాన్నే 16 అన్నారు, రసాయనవేత్తలు ప్రకృతిలో దొరికే మిశ్రమాన్ని 16 అన్నారు. పదివేలలో మూడు వంతులకు లోపు తేడాతో ముప్పై ఏళ్లు రెండు పట్టికలు నడిచాయి. 1961లో కర్బనం-12ను సరిగ్గా 12గా నిర్ణయించుకుని రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి.

చివరి మలుపు సిలికాన్‌ది. జర్మనీ, ఇటలీ, జపాన్, ఆస్ట్రేలియా సహా పలు దేశాల ప్రయోగశాలలు కలిసి, రష్యాలో శుద్ధిచేసిన సిలికాన్-28తో కిలో బరువున్న గోళాలు తయారుచేశాయి. వ్యాసం 94 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. స్ఫటికంలో ఒక్కో గడి కొలత ఎక్స్-కిరణాలతో తెలుస్తుంది, ఒక్కో గడిలో ఎనిమిది పరమాణువులు. గోళం ఘనపరిమాణాన్ని గడి ఘనపరిమాణంతో భాగించి ఎనిమిదితో గుణిస్తే మొత్తం పరమాణువుల లెక్క, సుమారు 2.15×10²⁵. ఈ కొలతలు ఎంత బాగా కుదిరాయంటే, 2018 నవంబరులో వెర్సాయ్‌లో ప్రపంచ దేశాల ప్రతినిధులు అవొగాడ్రో సంఖ్యను 6.02214076×10²³ దగ్గర శాశ్వతంగా నిలిపేశారు. 2019 మే 20 నుంచి అది అమల్లో ఉంది. అప్పటిదాకా 12 గ్రాముల కర్బనం-12లో ఎన్ని పరమాణువులున్నాయో ప్రయోగాలతో కనుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు సంఖ్య నిర్ణయమైపోయింది, ఆ సంఖ్యలో పరమాణువులున్న కర్బనం-12 సరిగ్గా 12 గ్రాములు తూగుతుందా లేదా అన్నది తూచి చూడవలసిన సంగతి. వెయ్యి కోట్లలో కొన్ని వంతుల దాకా తూగుతుందనే ఇప్పటి తూకాలు చెబుతున్నాయి. సీసానికి మాత్రం 2021 నుంచి అంతర్జాతీయ పట్టికలో ఒక్క అంకె లేదు. దొరికిన చోటును బట్టి 206.14 నుంచి 207.94 దాకా అని ఒక పరిధిని ఇస్తున్నారు.