ఒక బొమ్మ, నూరేళ్ల తగాదా

ఇంటర్ జంతుశాస్త్రం చదివేవాళ్లకు కండరం కుంచించుకునే మూల ఘటకమైన సార్కోమియర్ బొమ్మ తప్పదు. అందులో మయోసిన్, ఆక్టిన్, ట్రోపోమయోసిన్, ట్రోపోనిన్ ఒకే రోజు పుట్టినట్టు కనిపిస్తాయి. కానీ మొదటి పేరుకూ చివరి పేరుకూ నడుమ నూరేళ్ల దూరం.

1864లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ కూనే కప్ప కండరం నుంచి తీసిన చిక్కటి ప్రోటీన్‌కు మయోసిన్ అని పేరు పెట్టాడు. ఆయన చేతికి చిక్కింది కలగాపులగమని తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. ఈలోగా తగాదా శక్తి మీదికి మళ్లింది. కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పట్లో గట్టి నమ్మకం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టడంతో ఆ నమ్మకం సడలింది. 1929లో వాళ్లిద్దరూ, విడిగా జర్మనీలో కార్ల్ లోమన్, కండరానికి శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు. జవాబులో ఏటీపీ అని రాసే మన పిల్లల్లో ఆ సంగతి ఎందరికి తెలుసో!

1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు ఏటీపీని విడగొట్టేది మయోసినేనని చూపారు. అసలు మలుపు మాత్రం యుద్ధకాలపు హంగరీలో, సెగెద్ నగరంలో వచ్చింది. ఆల్బర్ట్ సెంట్-జార్జి ప్రయోగశాలలో ఇలోనా బంగా కుందేలు కండరాన్ని ఉప్పు ద్రావణంలో కాసేపే ఉంచితే పలుచని మయోసిన్ వచ్చింది, రాత్రంతా వదిలేస్తే చిక్కటిది వచ్చింది. ఆ చిక్కదనానికి కారణమైన రెండో ప్రోటీన్‌ను అదే ప్రయోగశాలలోని స్ట్రౌబ్ వేరుచేశాడు. అదే ఆక్టిన్. రెండూ కలిసిన దారాల మీద ఏటీపీ పోస్తే అవి ముడుచుకున్నాయి. అప్పటికే నోబెల్ అందుకున్న సెంట్-జార్జి, తన జీవితంలో బహుశా అంతటి ఉద్వేగం మరెప్పుడూ కలగలేదని తర్వాత చెప్పుకున్నాడు.

అయితే ముడుచుకునేది ప్రోటీనేనా? కాదని 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వాదించాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. కండరం కుంచించుకున్నా ఏ-పట్టీ పొడవు మారడం లేదు, ఐ-పట్టీ మాత్రం తగ్గుతోంది. అంటే మయోసిన్, ఆక్టిన్ తంతువులు పొట్టివి కావు, ఒకదాని మీద ఒకటి జారతాయి. పరీక్షలో పట్టీల పొడవులు అడిగేది ఇందుకే. కారణం తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు.

ట్రోపోమయోసిన్‌ను 1946లోనే కెన్నెత్ బెయిలీ వేరుచేసినా, అది ఎందుకుందో సరిగ్గా అర్థమైంది 1960లలోనే. జపాన్‌లో సెత్సురో ఎబాషి బృందం ట్రోపోనిన్‌ను కనుగొని, కాల్షియం వచ్చి దానికి అంటుకుంటేనే ఆక్టిన్ మీద మయోసిన్‌కు దారి తెరుచుకుంటుందని చూపింది. కాల్షియం పాత్ర గురించి ఎబాషి చెబితే మొదట్లో చాలామంది నమ్మలేదు. ఇక మయోసిన్ తల ఆకారం అణువుల స్థాయిలో తెలిసింది 1993లో, ఐవన్ రేమెంట్ బృందం ఎక్స్-రే చిత్రాలతో.