ఊరి పేరులో సగం ఏరు

సింగరేణి చరిత్ర చెప్పమంటే ఎవరైనా బావుల నుంచే మొదలుపెడతారు. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ పట్టడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకోవడం, 1889లో తవ్వకాలు, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టడం, 1945లో నిజాం సర్కారు చేతికి రావడం. ఇవన్నీ మన పత్రిక ప్రతి సంచికలోనూ అచ్చవుతూనే ఉన్నాయి. 1960ల్లో కంపెనీ రామగుండం దగ్గర ఏటి ఒడ్డున బావులు తెరిచింది. వాటి చుట్టూ లేచిన ఊరు గోదావరిఖని అయింది. ఖని గురించి చాలా రాసుకున్నాం. పేరులో దానికి ముందున్న గోదావరి గురించి ఈసారి నాలుగు మాటలు.

బొగ్గు తీసిన చోట మిగిలిన బోలును పూడ్చకపోతే కప్పు కూలుతుంది. అందుకని ఏటి ఇసుకను నీళ్లలో కలిపి గొట్టాల్లో కిందికి వదిలేవాళ్లు. స్టోయింగ్ అంటే అదే. అట్లా ఏండ్ల తరబడి గోదావరి తట్టెడు తట్టెడుగా బావుల్లోకి దిగింది. తర్వాత్తర్వాత ఇసుకకు కరువొచ్చి, ఓపెన్‌కాస్టు మట్టిని కడిగి ఇసుక తీసే దాకా వచ్చింది కంపెనీ.

మా నాయన బావిలో బొగ్గెత్తే ఫిల్లర్. వారమంతా తట్టా చెమ్మస్. ఆదివారం మాత్రం గాలం. అప్పట్లో చలికాలం వచ్చిందంటే ఏరు పాయలుగా చీలి, మోకాటి లోతున దాటేటట్టు ఉండేది. పెద్ద చేపలన్నీ మడుగులు పట్టేవి. ఏ మడుగు ఎక్కడుందో పిల్లలకు కూడా తెలుసు.

2019లో కాళేశ్వరం పథకం మొదలై, దిగువన సుందిళ్ల బరాజ్ గేట్లు మూశాక ఆ లెక్క మారింది. ఎగువన ఇరవై టీఎంసీల ఎల్లంపల్లి, దిగువన సుందిళ్ల. నడుమ మా ఏరు చలికాలంలోనూ ఒడ్డులొరుసుకుని నిలిచింది.

కంపెనీకి నూరేండ్లు నిండిన 2020 డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, మా వాడకట్టు బెస్త కాకతో తెప్ప ఎక్కిన. మంచు ఇంకా విడవలేదు. కాక గాలానికి బతికున్న పరక చేపను గుచ్చి, నీళ్లను చూడకుండా ఒడ్డును చూడబట్టిండు. ఎన్టీపీసీ పొగగొట్టం ఒక దిక్కు, వంతెన కాలు ఒక దిక్కు. రెండూ తన లెక్కకు కుదిరిన చోట తెడ్డు ఆపిండు.

"ఇగో, మడుగు మన కిందనే ఉన్నది బిడ్డా. నీళ్లు పెరిగితే చాప ఇల్లు మారుస్తదా?"

మేం వెతికింది వాలుగను. పొలుసుండదు. నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది, మూతికి పొడుగాటి మీసాలు. చిన్న చేపలను మింగి మీటరు దాటి పెరుగుతుంది. ఎండ వీపుకు తగిలే వేళకు తాడు ఒక్కసారి బిగిసింది. నేను గుంజబోయిన.

"గుంజకు! ఇడిసిపెట్టు, అదే అలుస్తది."

పావుగంట ఇడిచిపెడుతూ, చుడుతూ, మళ్లీ ఇడిచిపెడుతూ కూర్చున్నం. తెప్ప మీదికి వచ్చినప్పుడు దాని వెండి పక్కల మీద మంచు వెలుగే ఉంది. మధ్యాహ్నం చింతపండు పులుసులో ఉడికింది. ముళ్లు తక్కువ కాబట్టి ముసలి నాయన కూడా నిమ్మళంగా తిన్నడు.

2023 అక్టోబర్ 21న అదే కాళేశ్వరం పథకంలోని మేడిగడ్డ బరాజ్ కుంగింది. తర్వాత సుందిళ్ల నీళ్లు కూడా దిగువకు వదిలేశారు. ఆ చలికాలం ఏరు మళ్లీ ఇసుక తేలింది. కాక నన్ను నడిపించుకుంటూ తీసుకుపోయి చూపించిండు. పొగగొట్టం, వంతెన కాలు కలిసే గీత మీద, ఇసుక నడుమ నల్లగా, లోతుగా అదే మడుగు. మీదినుంచి నీళ్లు వచ్చినయి, పోయినయి. కాక గుర్తు మాత్రం జానెడు తప్పలేదు.

వాలుగ ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో ముప్పున్న జాతి. వానకాలం గుడ్ల మీద ఉన్న చేపను వదిలేయడం మన వంతు. ఇంకో పని కూడా ఉంది. ప్రతి బావి పేరు, తెరిచిన ఏడు, మూసిన ఏడు కంపెనీ రికార్డుల్లో ఉన్నాయి. మడుగుల పేర్లు ఏ రికార్డులోనూ లేవు, కాకలాంటి కొందరి నోట్లోనే ఉన్నాయి. మీ ఇంట్లో ఏటి సంగతి తెలిసిన పెద్దలుంటే, ఈ డిసెంబర్ 23 సెలబ్రేషన్ల హడావుడి తీరాక ఒక పూట వాళ్ల దగ్గర కూర్చోండి. ఆ పేర్లు రాసి పంపండి. వచ్చే సంచికలో ఏటికి కూడా మస్టర్ వేద్దాం.