చిట్టాలో మిల్లు, గోదాంలో మిల్లు

తమిళనాడులో, పడమటి కనుమల పాదాల దగ్గర రాజపాళయం ఉంది. విజయనగర రాజుల కాలంలో దక్షిణానికి తరలివెళ్లిన రాజు కులస్తుల కుటుంబాలు ఆ ఊళ్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి. ఆ ఊళ్లోనే 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. పోనుపోను రాజపాళయం నూలు మిల్లుల ఊరుగా పేరుపడింది.

నూలు మిల్లు పెట్టినవాడు నిజానికి రెండు మిల్లులు నడపాలి. ఒకటి గోదాంలో బేళ్లతో, షెడ్డులో కదుళ్లతో కళ్లెదుట కనిపించేది. రెండోది గుమాస్తా చిట్టాలో అంకెల రూపంలో ఉండేది. యజమాని పొద్దున్నే వచ్చి చూసేది ఆ రెండోదాన్నే. ఎంత దూది కొనాలో, ఎవరికి ఎంత నూలు ఇస్తామని మాటివ్వాలో దాన్ని చూసే తేల్చుకుంటాడు.

ఈ రెండు మిల్లులూ ఒక్కలా ఉండవు. దొంగతనం జరగకపోయినా, గుమాస్తా కూడిక తప్పకపోయినా తేడా వస్తుంది. దూది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. మన దేశంలో బేలు 170 కిలోలు. మే నెల ఎండకు అందులో రెండు శాతం తేమ ఆరిపోయిందనుకోండి, నూరు బేళ్ల గోదాంలో రెండు బేళ్లు మాయమైనట్టే. తమిళ నెల ఐప్పసిలో పడే వానలకు అవే బేళ్లు మళ్లీ బరువెక్కుతాయి. మిల్లులవాళ్లు తూకంలో కనిపించకుండా పోయే ఈ నష్టాన్ని ‘ఇన్విజిబుల్ లాస్’ అంటారు. నిజం కదులుతూనే ఉంటుంది, చిట్టా మాత్రం రాసినచోటే నిలబడిపోతుంది.

ఇదే చిక్కును ఇంకా పెద్ద గోదాంలో, అంటే ఏకంగా ఆకాశంలో విప్పబోయి దెబ్బతిన్నవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త. వాతావరణానికి అంకెలతో ఒక నకలు కట్టి, దాన్ని ముందుకు నడిపితే రేపటి వాన ఈవేళే తెలుస్తుందని ఆయన నమ్మకం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా లెక్కలు వేశాడు. 1917లో పోరు మధ్య ఆ రాతప్రతి ఎక్కడో పోయింది. నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్ప కింద దొరికింది! ఆ బొగ్గును ఇంకెవరైనా ముందే పొయ్యిలో వేసి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

దొరికిన లెక్క మాత్రం ఘోరంగా తప్పింది. 1910 మే 20న ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని అది చెప్పింది. ఆ రోజు నిజంగా పీడనం దాదాపు కదల్లేదు. సూత్రాలు సరైనవే. మొదట్లో నింపిన కొలతల్లో ఉన్న చిన్నచిన్న పొరపాట్లు లెక్కలో అంత పెద్దవయ్యాయి. రిచర్డ్‌సన్ ఆ వైఫల్యాన్ని దాచుకోలేదు, 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. వాతావరణంతో సమానంగా పరుగెత్తాలంటే 64,000 మంది ఒక పెద్ద హాలులో కూర్చుని లెక్కలు వేయాలని కూడా అందులో ఊహించాడు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద 24 గంటల జోస్యం లెక్కగట్టడానికి సుమారు 24 గంటలే పట్టింది. అప్పటికి నకలు నిజంతో పాటు నడవగలిగింది. కానీ దారి తప్పితే మళ్లీ దారిలో పెట్టడం ఎలా?

ఆ ఉపాయం రైల్లో తట్టిందంటారు. 1958 నవంబర్ చివర, ప్రిన్స్‌టన్ నుంచి బాల్టిమోర్ వస్తున్న రైలు రాత్రివేళ దారిలో ఆగిపోయింది. అందులో రుడాల్ఫ్ కాల్మన్ అనే హంగరీ సంతతి కుర్రవాడు ఉన్నాడు. అతనికి వచ్చిన ఆలోచనను మన గోదాం భాషలో చెప్పుకుందాం. చిట్టా నూరు బేళ్లంటుంది, కాటా తొంభై ఆరంటుంది. చిట్టా పాతబడింది, కాటా ముల్లు ఊగుతోంది. రెండిటినీ పూర్తిగా నమ్మలేం. దేని మీద ఎంత నమ్మకమో తూచి, ఆ మేరకు మధ్యలో ఒక అంకె వేసుకోవాలి. ఆ అంకె మీద మన నమ్మకం ఎంతో దాని పక్కనే రాసుకోవాలి. మళ్లీ తూచినప్పుడు పాత తూకాలన్నీ తిరగేయక్కర్లేదు, చివరి అంకె, దాని పక్కనున్న నమ్మకం చాలు.

1960లో ఈ పద్ధతి అచ్చయింది. ఎలక్ట్రికల్ ఇంజనీర్లు పెదవి విరుస్తారని కాల్మన్ దాన్ని మెకానికల్ ఇంజనీర్ల పత్రికకు ఇచ్చాడు. ఆ ఏడే నాసా ఏమ్స్ కేంద్రంలో స్టాన్లీ ష్మిట్‌ను కలిశాడు. చంద్రుడి దాకా వెళ్లే నౌక ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలుసుకోవడమెలాగని ష్మిట్ తల పట్టుకుని ఉన్నాడు. తిరగరాసుకునే జ్ఞాపకం రెండువేల పైచిలుకు పదాలే ఉన్న అపోలో కంప్యూటర్‌కు, పాత లెక్కలు మోయనక్కర్లేని ఈ పద్ధతి అతికినట్టు సరిపోయింది.

ఆ అపోలో యాత్రల్లోనే ఒకసారి నకలే నౌకను కాపాడింది. 1970 ఏప్రిల్‌లో వ్యోమగామి కెన్ మాటింగ్లీకి జర్మన్ మీజిల్స్ సోకిందేమోనన్న అనుమానంతో, అతన్ని ప్రయాణానికి మూడు రోజుల ముందు అపోలో 13 నుంచి తప్పించారు. అతని స్థానంలో జాక్ స్విగర్ట్ వెళ్లాడు. ఆ జబ్బు మాటింగ్లీకి అసలు రానేలేదు. భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో నౌకలోని ఆక్సిజన్ ట్యాంకు పేలింది. దాదాపు కరెంటు లేని నౌకను ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ వేసి మళ్లీ లేపాలో తేల్చడానికి నౌకకు నకళ్లుగా నేల మీద కట్టిన సిమ్యులేటర్లే దిక్కయ్యాయి. ఆ పనిలో మాటింగ్లీ ఉన్నాడు. తేలిన క్రమాన్ని రేడియోలో చదివి వినిపిస్తే స్విగర్ట్ కాగితం మీద రాసుకున్నాడు. ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా దిగారు. నౌకకూ దాని నకలుకూ మధ్య ఆనాడు ఉన్న తీగ మనుషుల గొంతే.

మనుషుల గొంతు స్థానంలోకి యంత్రాలు రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే ముందు వాటి గడియారాలు కలవాలి. 1985లో డేవిడ్ మిల్స్ రూపొందించిన పద్ధతి ఎంత సులువైందో చూడండి: ఒక యంత్రం ఇంకోదాన్ని టైమెంతని అడుగుతుంది, జవాబు వచ్చేసరికి ఎంతసేపు పట్టిందో చూసుకుని, దారిలో పోయిన కాలంలో సగం కలుపుకుంటుంది.

రాజపాళయం కూడా ఈ దారిలోకి వచ్చింది. 1992లో రామ్‌కో ఇండస్ట్రీస్‌లో ఒక పరిశోధన విభాగంగా మొదలైన సాఫ్ట్‌వేర్ పని తర్వాత రామ్‌కో సిస్టమ్స్‌గా వేరుపడింది. దాన్ని నడిపించిన పి.ఆర్. వెంకట్రామ రాజా, మిల్లు పెట్టిన రామసామి రాజాకు మనవడు. ఫ్యాక్టరీల చిట్టా, ఆవర్జాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో మొదలుపెట్టి, విమానాల మరమ్మతు సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లారు. తాత చిట్టాలో దూది బేళ్లు ఉంటే, మనవడి చిట్టాలోకి విమానం విడిభాగాలు వచ్చాయి.

2002లో మైకేల్ గ్రీవ్స్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక బొమ్మ గీసి చూపాడు: ఒకవైపు వస్తువు, మరోవైపు దాని నకలు, రెండిటి మధ్య పోయేదీ వచ్చేదీ రెండు దారులు. 2010లో నాసాకు చెందిన జాన్ వికర్స్ దానికి ‘డిజిటల్ ట్విన్’ అని పేరుపెట్టాడు. కవల అన్నమాట.

ఇప్పుడు మళ్లీ మిల్లుకొచ్చి, నూలు వడికే రింగ్ ఫ్రేమ్ పక్కన నిలబడి చూడండి. వెయ్యికి పైగా కదుళ్లు నిమిషానికి పదిహేను, ఇరవై వేల చుట్లు తిరుగుతుంటాయి. ప్రతి కదురు చుట్టూ ట్రావెలర్ అనే సన్నని ఉక్కు ముక్క పరుగెడుతుంది. దారం తెగితే అది ఆగిపోతుంది. పక్కనున్న సెన్సార్ ఆ సంగతి పట్టుకుని చెబుతుంది, తెర మీద ఆ కదురు ఎర్రబడుతుంది. పనిచేసే అమ్మాయి వచ్చి కొస వెతికి, వేళ్లతో ఒక్క మెలిక వేసి అతికేసి ముందుకు పోతుంది. ‘తెగింది’ అన్న కబురు తీగలో చిక్కుకుని ‘అతికింది’ అన్న కబురు తర్వాత చేరిందా, తెర మీద ఎర్రగా ఉన్న కదురు మిల్లులో చక్కగా నూలు వడుకుతూ ఉంటుంది! అందుకే ప్రతి కబురు మీదా కదురు దగ్గరే టైము ముద్ర వేస్తారు. ఏది ముందో ఏది వెనకో ఆ ముద్ర చూసి తేల్చుకుంటారు.

ఇన్ని తెరలు వచ్చినా, మార్చి 31 దగ్గరపడగానే గోదాం తలుపులు తెరుస్తారు. గుమాస్తా కాగితం, పెన్సిల్ పట్టుకుని వరసలో మొదటి బేలు దగ్గర నిలబడతాడు. ఇద్దరు కూలీలు దాన్ని కాటా మీదికి ఎత్తుతారు.