వేల్సు జాతీయత: రెండు గ్రంథములు

ఒక జాతికి తాను పెట్టుకొన్న పేరొకటి, పొరుగువారు పెట్టిన పేరొకటి యుండుట చరిత్రలో అరుదు కాదు. బ్రిటను ద్వీపమునకు పశ్చిమమున కొండలు నిండిన చిన్న దేశము వేల్సు. ఆంగ్లో సాక్సనులు ఆ ద్వీపమున స్థిరపడినపుడు అచ్చటి పూర్వవాసులను ‘అన్యులు’ అను అర్థమిచ్చు మాటతో పిలిచిరి. వేల్సు అను పేరు దానినుండియే వచ్చినది. ఆ దేశీయులు మాత్రము తమ నేలను ‘కమ్రి’ అందురు. ‘ఒక్క సీమవారు’ అని దాని మూలార్థము. సొంత నేలమీదనే అన్యులనిపించుకొన్న ఈ ప్రజలు, రాజ్యము పోయి ఏడు శతాబ్దములు గడచినను, తమ్ము ఒక్క సీమవారినిగా ఎట్లు ఎంచుకొనగలిగిరి? ఈ ప్రశ్నకు సమాధానము కోటలలో కంటె గ్రంథములలో ఎక్కువగా దొరకును. వానిలో రెండు ముఖ్యములు. ఒకటి 1588లో వెలువడినది, రెండవది 1847లో. చిత్రమేమనగా, రెండింటికిని మూలకారణము లండను ప్రభుత్వమే.

రాజకీయ చరిత్రను సంగ్రహముగా చెప్పవచ్చును. ఎనిమిదవ శతాబ్దమున మెర్సియా రాజైన ఆఫా తన రాజ్యమునకును వేల్సుకును నడుమ పొడవైన మట్టిగట్టును, కందకమును నిర్మింపజేసెను. పదవ శతాబ్దమున హవెల్ డా అను రాజు పేర వెలసిన ధర్మశాస్త్రము, చిన్నచిన్న రాజ్యములుగా చీలియున్న ప్రజలకు ఒక ఉమ్మడి న్యాయమును ప్రసాదించెను. అయితే తండ్రి భూమి కుమారులందరికిని చెందవలెనను నియమము రాజకుటుంబములలో అన్నదమ్ముల కలహములకు కారణమయ్యెను. 1267లో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీచే వేల్సు ప్రభువుగా అంగీకరింపబడిన లెవెలిన్ అప్ గ్రిఫిత్, 1282 డిసెంబరులో పోరున మరణించెను. 1284లో మొదటి ఎడ్వర్డు చేసిన శాసనముతో ఆయన గెలిచిన దేశము ఆంగ్ల పాలనలో ఇమిడిపోయెను. కేర్నార్వన్, కాన్వీ, హార్లెక్ కోటలు ఆ విజయమునకు సాక్షులుగా నేటికిని నిలిచియున్నవి. వేల్సు యువరాజను బిరుదము 1301లో ఎడ్వర్డు కుమారునికి సంక్రమించెను. 1400లో తిరుగుబాటు లేవదీసిన ఓవైన్ గ్లిన్‌డూర్, 1404లో మఖన్‌లెత్ పట్టణమున ప్రతినిధి సభను సమావేశపరచెను. 1406లో ఫ్రాన్సు రాజునకు వ్రాసిన లేఖలో స్వతంత్రమైన క్రైస్తవ సంఘమును, ఉత్తరమున ఒకటి దక్షిణమున ఒకటిగా రెండు విద్యాపీఠములను ఆయన ఆశించెను. తిరుగుబాటు అణగిపోయెను గాని ఆ ఆశ జాతి స్మృతిలో మిగిలినది.

1485లో వేల్సు వంశజుడైన హెన్రీ ట్యూడరు ఇంగ్లండు సింహాసనమెక్కినపుడు తమవాడు రాజైనాడని వేల్సు కవులు ఉప్పొంగిరి. ఆయన కుమారుడైన ఎనిమిదవ హెన్రీ కాలముననే 1536, 1543 సంవత్సరముల శాసనములు వేల్సును ఇంగ్లండులో సంపూర్ణముగా విలీనము చేసెను. వేల్సువారికి ఆంగ్లేయులతో సమానమైన హక్కులు, పార్లమెంటులో స్థానములు లభించినవి. కాని న్యాయస్థానముల భాష ఆంగ్లమయ్యెను. ఆంగ్లము నుపయోగింపని వానికి ప్రభుత్వోద్యోగము లేదు. ప్రజలలో అత్యధికులకు వేల్సు భాష తప్ప మరొకటి రాదు. తనమీది నేరారోపణ తనకే అర్థము కాని ముద్దాయికి సమాన హక్కులు ఏపాటి ఊరట? భూస్వాముల కుటుంబములు క్రమముగా ఆంగ్లమునకు అలవడెను. కవులను పోషించు గడపలు మూతపడసాగెను.

ఆ కవులది ప్రాచీనమైన విద్య. 1176లోనే కార్డిగన్ కోటలో రీస్ ప్రభువు కవులకును గాయకులకును పోటీలు పెట్టి, గెలిచినవారిని ఆసనములతో గౌరవించినట్లు చరిత్ర చెప్పుచున్నది. పాదమున హల్లులు నియతముగా ఆవృత్తి కావలెనను వారి ఛందోనియమము మన యతిప్రాసలకంటెను కఠినమైనది. పోషకులు పోయిన తరువాత ఈ భాషా సంపద ఏమగును అను తరుణమున మొదటి గ్రంథము వెలువడెను.

1563లో పార్లమెంటు, బైబిలును ప్రార్థనా గ్రంథమును వేల్సు భాషలోనికి అనువదింపవలెనని శాసించెను. భాషాభిమానము దీనికి హేతువు కాదు. ప్రజలు ప్రొటెస్టెంటు మతమున స్థిరపడవలెననునది ప్రభుత్వ సంకల్పము. ఆంగ్ల ప్రతిని కూడ చర్చిలో ప్రక్కనే ఉంచవలెననియు, రెండింటిని పోల్చి చూచుకొని ప్రజలు ఆంగ్లము నేర్చుకొందురనియు ఆ శాసనముననే కలదు. 1567లో విలియం సేల్స్‌బరీ ప్రభృతుల కృషితో కొత్త నిబంధన వచ్చినది. 1588లో విలియం మోర్గన్ అను గ్రామ మతాచార్యుడు సంపూర్ణ బైబిలును ప్రకటించెను. ఆయన హీబ్రూ, గ్రీకు భాషలు తెలిసిన విద్వాంసుడు. అంతకంటె ముఖ్యముగా, కవుల ప్రౌఢభాషను ఎరిగినవాడు. ఉత్తర దక్షిణ మాండలికములకు అతీతమైన ఒక ప్రామాణిక గద్యము ఆయన చేతిలో రూపుదిద్దుకొనెను. న్యాయస్థానమునుండి వెడలగొట్టబడిన భాషకు దేవాలయమున పీఠము దొరకినది. ఆంగ్లమునకు సోపానమగునని తలచిన గ్రంథమే వేల్సు భాషకు కోటయైనది.

పదునెనిమిదవ శతాబ్దమున గ్రిఫిత్ జోన్స్ అను మతాచార్యుడు సంచార పాఠశాలలను నెలకొల్పెను. ఒక ఊరిలో కొన్ని నెలలపాటు ఉపాధ్యాయుడు ఉండి, పిల్లలకును పెద్దలకును వారి భాషలోనే బైబిలు చదువుట నేర్పి, మరియొక ఊరికి సాగిపోవును. 1761లో జోన్స్ మరణించునాటికి ఇట్టి పాఠశాలలు 3,000కు మించి జరిగెను. పేద రైతుల దేశము చదువరుల దేశమయ్యెను.

రెండవ గ్రంథము దీనికి పూర్తిగా విరుద్ధమైనది. వేల్సులో విద్యాస్థితిని పరిశీలించుటకు ప్రభుత్వము నియమించిన ముగ్గురు ఆంగ్లేయులలో ఎవరికిని వేల్సు భాష రాదు. 1847లో నీలి అట్టలతో వెలువడిన వారి నివేదిక, పాఠశాలల దుస్థితిని గురించి చాలవరకు నిజమునే చెప్పెను. కాని అంతటితో ఆగక, ప్రజల వెనుకబాటునకు వారి భాషను కారణముగా చూపెను. వారి నీతిని, ముఖ్యముగా స్త్రీల శీలమును నిందించెను. తమకు తెలియని భాషలో చదువు చెప్పబడగా పిల్లలు తెల్లబోయినచో, తప్పు పిల్లలదా, పద్ధతిదా? ఆ నివేదికకు ‘నీలి గ్రంథముల ద్రోహము’ అను పేరు వేల్సు ప్రజలలో స్థిరపడినది.

ఆ అవమానము రెండు విధముల పనిచేసెను. కొందరు తల్లిదండ్రులు, పిల్లలు బాగుపడవలెనన్న ఆంగ్లమే శరణ్యమని నమ్మిరి. బడిలో మాతృభాష పలికిన బాలుని మెడలో చెక్కముక్క వ్రేలాడదీయు శిక్షను అనేకచోట్ల పెద్దలు మారుమాటాడక అంగీకరించిరి. మరికొందరు తమ జాతి యోగ్యతను లోకమునకు నిరూపింపబూనిరి. 1872లో అబెరిస్ట్‌విత్‌లో కళాశాల వెలసినది. దానికై సామాన్యులు కూడ తమ చిల్లర నాణెములను చందాగా నిచ్చిరి. 1893లో వేల్సు విశ్వవిద్యాలయము, 1907లో జాతీయ గ్రంథాలయము ఏర్పడెను. గ్లిన్‌డూర్ ఆశ ఐదు శతాబ్దములకు కొంత తీరినది.

ఈ కథకు భారతదేశముతోను సంబంధము కలదు. 1841లో చిరపుంజికి వచ్చిన వేల్సు మిషనరీ థామస్ జోన్స్, ఖాసీ భాషకు రోమను లిపిని కూర్చునపుడు తన మాతృభాషలోని వర్ణక్రమమును అనుసరించెను. సామ్రాజ్యపు నీడలో వచ్చినవాడే యైనను, జనుల భాషలోనే జనులకు చదువు చెప్పవలెనను పాఠమును అతడు తన దేశమునుండి తెచ్చెను.

ఇరువదవ శతాబ్దమున భాషకు వేరొక పరీక్ష వచ్చినది. బొగ్గుగనులకు వెలుపలినుండి జనము తరలివచ్చిరి. గ్రామములు ఖాళీ అయ్యెను. 1901లో జనాభాలో సగము మంది వేల్సు భాష నెరిగియుండిరి. 2021 జనాభా లెక్కలలో వారు నూటికి 17.8 మంది మాత్రమే. లివర్‌పూల్ నగరపు నీటి అవసరములకై కాపెల్ కెలిన్ గ్రామమును ముంచుటకు 1957లో పార్లమెంటు అనుమతించెను. వేల్సు సభ్యులలో ఒక్కరును దానికి అనుకూలముగా ఓటు వేయలేదు. 1965 నాటికి బడి, ప్రార్థనా మందిరము, శ్మశానము నీటి క్రిందికి పోయెను. ఈలోగా 1962లో సాండర్స్ లూయిస్ రేడియోలో భాషా భవితవ్యమును గూర్చి చేసిన ప్రసంగము యువకులను కదిలించి, ఆ సంవత్సరమే భాషా సంఘము పుట్టుటకు హేతువయ్యెను. 1967, 1993 శాసనములు, 2011లో అధికార హోదా ఆ ఉద్యమపు దీర్ఘ ఫలితములు.

అయితే భాష నెరుగని అధిక సంఖ్యాకులు ఈ జాతిలో ఎవరు? 1979లో ప్రత్యేక శాసనసభ కావలెనా యని అడిగినపుడు ఓటు వేసిన ఐదుగురిలో ఒక్కరే ఔననిరి. భాషాజ్ఞులు తమమీద పెత్తనము చేయుదురని ఆంగ్లభాషీయులు శంకించుట దానికి ఒక కారణము. 1997లో నూటికి 50.3 ఓట్లతో అదే సభ అంగీకృతమై, 1999లో కార్డిఫ్‌లో కొలువుదీరెను. అంత స్వల్పమైన ఆధిక్యము, ఆ ప్రశ్న పూర్తిగా సమసిపోలేదనుటకు నిదర్శనము.

1847 తరువాత వేల్సు భాష మాటాడు తల్లిదండ్రులు తమ పిల్లలను ఆంగ్లము వైపు నడిపించిరి. నేడు ఆంగ్లమే ఇంటిభాషయైన కుటుంబములనుండి అనేకులు పిల్లలను వేల్సు మాధ్యమ పాఠశాలలకు పంపుచున్నారు. బడిలో నేర్చిన భాష వీథిలోను, ఇంటిలోను నిలుచునా అను భయము ఆ తల్లిదండ్రులకు లేకపోలేదు. అయినను ‘ఒక్క సీమవారు’ అను పాత మాటకు, జన్మతో పాటు ఇష్టము చేతను చేరదగిన క్రొత్త అర్థమును వారు కల్పించుచున్నారు.