పరాయి నుడిలో పదిహేనేళ్ల కుర్రాడు

హవాయి భాషలో ఏ మాటా హల్లుతో ముగియదు. తెలుగు అజంత భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం గాని, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఆ దీవుల నుడి ఈ విషయంలో మనకంటే పట్టుదల గలది. రెండు హల్లులు పక్కపక్కన నిలవడం కూడా దానికి గిట్టదు. 1820లో అక్కడికి చేరిన అమెరికన్ ప్రొటెస్టెంటు మిషనరీలు 1826లో రోమన్ లిపిలోని 12 అక్షరాలతో ఆ భాషకు రాత కుదిర్చారు. పరదేశపు పేర్ల కోసం మరికొన్ని అక్షరాలను అట్టేపెట్టుకున్నారు. అలా జోసెఫ్ అక్కడ ‘యోసేప’ అయ్యాడు, మన క్రైస్తవుల ఇళ్లలో యోసేపు అయినట్టే.

ఇక్కడ చెప్పబోయే యోసేప పూర్తి పేరు జోసెఫ్ ఎఫ్. స్మిత్. 1838లో పుట్టాడు. లోకం మోర్మన్లని పిలిచే యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని 1830లో స్థాపించిన జోసెఫ్ స్మిత్ ఇతనికి బాబాయి. ఆ బాబాయినీ, తండ్రి హైరంనూ 1844లో ఇల్లినాయి రాష్ట్రంలోని కార్తేజి జైల్లో అల్లరిమూక కాల్చి చంపింది. అప్పటికి పిల్లవాడికి అయిదేళ్లు. 1848లో తల్లి మేరీ బిడ్డలను వెంటబెట్టుకుని బళ్ల మీద యూటాకు బయలుదేరితే, ఎడ్లు తోలిన చేతుల్లో తొమ్మిదేళ్ల ఇతని చేతులూ ఉన్నాయి. 1852లో ఆ తల్లీ పోయింది. ఆ తర్వాత బడిలో పంతులు తన చెల్లెలిని తోలుపట్టాతో కొట్టబోతే అడ్డం పడి, మీదికి వచ్చిన పంతులునే తన్నాడు. దాంతో చదువు ఆగిపోయింది. 1854 ఏప్రిల్‌లో జరిగిన సంఘ మహాసభలో ఇతన్ని హవాయి దీవులకు సువార్తికుడుగా పంపాలని నిర్ణయించారు. భక్తి చూసి పంపారో, కుర్రాడు చెయ్యి దాటిపోతున్నాడని పంపారో! రెండూ ఉండవచ్చుననే నా అభిప్రాయం.

అతనికి జీతం లేదు, దారి ఖర్చులూ లేవు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఇళ్ల కప్పులకు వేసే చెక్క పెంకులు కోసే పనిలో చేరి ఓడ ఛార్జీలు సంపాదించుకున్నాడు. 1854 సెప్టెంబరు 27న హోనొలులులో దిగేనాటికి ఇంకా పదహారు నిండలేదు.

అతను అడుగుపెట్టిన దారి నాలుగేళ్లు ముందే తొక్కి ఉంది. 1850 డిసెంబరులో పదిమంది మోర్మన్లు ఆ దీవుల్లో దిగారు. మొదట వాళ్లు అనుకున్నది అక్కడి తెల్లవాళ్లకు బోధించడం. తెల్లవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఇంకా తక్కువ. కొందరు ఇంటిముఖం పట్టారు. జార్జి క్యూ. కానన్ అనే యువకుడు మాత్రం ఇక్కడి జనం నుడి నేర్చుకోనిదే కదలనని భీష్మించాడు. అతను లివర్‌పూల్లో పుట్టినవాడు, వృత్తికి అచ్చుపని తెలిసినవాడు. మావీ దీవిలోని లహైనాలో నలిమనుయి అనే స్థానిక స్త్రీ తన ఇల్లు ఖాళీచేసి ఈ కుర్రవాళ్లకు ఇచ్చింది. ఒకనాడు ఇరుగుపొరుగుతో కూర్చుని ఉండగా, వాళ్ల మాటలు అర్థమైతే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయిందట. చెవుల్లో ఏదో వింత స్పర్శ కలిగింది. చెవులకు చేతులు ఆనించి చటుక్కున లేచి నిలబడి, తనకు అర్థం చేసుకునే వరం దొరికిందని తోటివాళ్లకు చెప్పాడు. దీన్ని దైవకృప అని కానన్ నమ్మాడు. పరాయి భాష నడుమ బతికినవాళ్లకు మరో సంగతి కూడా తోస్తుంది. వారాల తరబడి చెవిలో పడి పేరుకున్న రొద ఒకనాడు ఉన్నట్టుండి మాటలుగా విడిపోవడం మనలో చాలామందికి అనుభవమే. రెండూ ఒకటి కాకూడదని ఏముంది?

తరువాతి పరీక్ష తిండి. హవాయివాళ్లకు ప్రధానాహారం చేమదుంప. మనం వేపుడో పులుసో చేసుకునే ఆ దుంపనే వాళ్లు ఉడికించి, దంచి, నీళ్లు కలిపి జావగా మెదిపి, పులియబెట్టి వేళ్లతో తీసుకుని తింటారు. దాని పేరు ‘పోయ్’. పాత్ర మూత తీయగానే కానన్‌కు పుస్తకాలు బైండు చేసే జిగురు వాసన జ్ఞాపకం వచ్చింది. అచ్చాఫీసు మనిషికి ఇంకేం తోస్తుంది! కడుపులో దేవింది. అయినా తన కోసం వేరే వంట చేయించి పేదవాళ్ల మీద బరువు మోపకూడదని, ఇది నాకు రుచించేలా చెయ్యమని దేవుణ్ణి ప్రార్థించాడు. తిన్నాడు, రుచించింది. ఆ తరవాత అన్నిటికంటే అదే ఇష్టమైందని తన ‘నా మొదటి మిషన్’ పుస్తకంలో రాసుకున్నాడు. ఆధ్యాత్మిక ఎదుగుదల అంటే మనకు గుహలూ తపస్సులూ గుర్తుకొస్తాయి. ఈ కుర్రవాళ్ల విషయంలో అది ఎదుటివాడి కంచం దగ్గర మొదలైంది.

కానన్‌కు భాషలో అసలు గురువు వైలుకులో న్యాయాధికారిగా ఉన్న జొనాథన్ నపేలా. లహైనాలూనా విద్యాలయంలో చదివిన పండితుడు. మోర్మన్ గ్రంథాన్ని ఇద్దరూ కలిసి హవాయి భాషలోకి తెచ్చారు. 1855లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కానన్ దాన్ని అచ్చువేశాడు. నపేలా చివరి రోజుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. భార్యకు కుష్ఠు సోకి 1873లో ఆమెను మొలొకాయి దీవిలోని కలౌపాపాకు తరలిస్తే, జబ్బు లేని నపేలా తానూ వెంట వెళ్లాడు. అక్కడే ఆ రోగం తనకూ అంటుకుని 1879లో కన్నుమూశాడు. కానన్ పుస్తకం వెలువడింది కూడా ఆ ఏడే.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. మావీలోని కూలా ప్రాంతంలో పని అప్పగించారు. వెళ్లీ వెళ్లకముందే జబ్బుపడ్డాడు. మనుహీ అనే స్థానిక స్త్రీ అతన్ని తన ఇంట్లో పెట్టుకుని కొడుకులా సాకింది. పథ్యం పెట్టిన చోటే మాటలూ నేర్చాడు. నూరు రోజుల్లో భాష పట్టుబడిందంటారు. తరవాత మావీ, హిలో, కొహాలా, మొలొకాయిలలో సంఘాల బాధ్యత మీద పడింది. ఊరి నుంచి ఊరికి నడక, చాపమీద పడక, పెట్టినవాళ్ల ఇంట తిండి. ఒకసారి అగ్నిప్రమాదంలో సామానంతా కాలిపోగా, జంటగా తిరిగే ఇద్దరికీ ఒకే జత బట్టలు మిగిలాయనీ, ఒకరు కూటానికి వెళితే రెండోవారు పక్కమీదే ఉండేవారనీ ఒక ముచ్చట ఉంది. తొలి దినచర్యలు మంటల్లో పోయాయి. 1856–57 నాటివి మిగిలి 2011లో అచ్చయ్యాయి. వాటిలో కనిపించేవాడు పటంలోని మహాత్ముడు కాదు. విసుగూ ఇంటిబెంగా గల కుర్రాడు. తనకు అన్నం పెట్టిన జనం మీదే చిరాకుపడే తెల్లవాడు కూడా.

అలాంటి రోజుల్లోనే ఒక కల వచ్చిందని 1918లో, తన చివరి ఏడు, చెప్పాడు. అప్పుడు తనకు ఒంటిమీద సరైన బట్ట లేదు, ఆ పేదల స్నేహం తప్ప మరో తోడు లేదు, ఎవరి ముఖమూ చూడలేనంత కుంగిపోయి ఉన్నాడు. కలలో చేతిలో చిన్న మూటతో ఎక్కడికో పరుగున వెళుతున్నాడు. దారిలో ఒక పెద్ద భవనం, అందులో స్నానాల గది. ఒళ్లు కడుక్కుని, మూట విప్పితే శుభ్రమైన వస్త్రం కనిపించింది. అది తొడుక్కుని లోపలికి వెళితే చనిపోయిన బాబాయి ఎదురై, ఆలస్యంగా వచ్చావన్నాడు. ఆలస్యమైనా శుభ్రంగా వచ్చానని ఇతను బదులిచ్చాడు. లోపల తల్లి కూడా ఉంది. మేలుకున్నాక భయం పోయిందనీ, అక్కడితో తాను మనిషినయ్యాననీ అతని నమ్మకం. అరవై ఏళ్లు మనసులో నానిన కల ఎంతో కొంత రూపు మారి ఉండవచ్చు. కానీ అనాథ పిల్లవాడికి ఆ కల ఇచ్చిన ధైర్యాన్ని శంకించడానికి నాకు కారణం కనిపించదు. 1857లో వెనక్కి వెళ్లాడు. 1901 నుంచి 1918 దాకా ఆ సంఘానికి అధ్యక్షుడు.

మన వైపు సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఏళ్లలోనే, 1853లో, యూటాలో తొలి ఆదివారపు బడి పెట్టిన రిచర్డ్ బాలంటైన్ మద్రాసుకు వచ్చాడు. బోధించాడు, ఇంగ్లీషులో ఒక మాసపత్రిక కూడా నడిపాడు. ఆయన పని ప్రధానంగా ఇంగ్లీషు వచ్చినవారి నడుమనే సాగింది. ఏడాది తిరిగేసరికి వెళ్లిపోయాడు. హవాయిలో పాదుకున్నది మద్రాసులో పాదుకోకపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చు గాని, భాష వాటిలో చిన్నదేమీ కాదు. 1993లో బెంగుళూరు కేంద్రంగా మళ్లీ ఒక మిషన్ ఏర్పడింది. ఇప్పటికీ వాళ్లు జంటలుగానే తిరుగుతారు, అబ్బాయిలకు రెండేళ్లు గడువు. ఏడాదికి రెండే ఫోన్లన్న పాత కట్టడి సడలి, వారానికోసారి ఇంటికి మాట్లాడే వీలు వచ్చింది 2019లోనే.

ఎన్నో ఏళ్ల తరవాత జోసెఫ్ సంఘాధ్యక్షుడుగా హోనొలులులో దిగినప్పుడు రేవులో పూలదండలూ వాద్యాలూ ఎదురొచ్చాయి. ఆ గుంపులోంచి, చూపు పోయిన తొంభై ఏళ్ల ముసలామె ఎంచి తెచ్చిన నాలుగు అరటిపళ్లు పట్టుకుని ‘యోసేపా, యోసేపా’ అంటూ వచ్చింది. ఆమె మనుహీ. అధ్యక్షులవారు జనాన్ని వదిలి పరుగున వెళ్లి ఆమెను కౌగలించుకుని, అమ్మా అని పిలిచి, పక్కనున్న మిత్రుడికి ఆమె తనను బతికించిన సంగతి కన్నీళ్లతో చెప్పాడు.

ఆమె మాట్లాడిన నుడిని అప్పటికే బళ్లోంచి వెళ్లగొట్టారు. 1893లో రాణిని గద్దె దించినవారు 1896లో ఇంగ్లీషే బోధనాభాష అని చట్టం చేశారు. ఇలాంటి చట్టాల అర్థం మనకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1978లో హవాయి భాషకు మళ్లీ అధికార హోదా దక్కింది. 1984లో ఆ భాషలో పసిపిల్లల బడులు మొదలయ్యాయి.

యూటాలో ఒక ఊరికి ఈ కుర్రాడి పేరు పెట్టారు. మతం పుచ్చుకుని సాల్ట్‌లేక్‌కు తరలివచ్చిన హవాయివాళ్లకు అక్కడి తెల్లవాళ్ల మధ్య చోటు దొరకలేదు. 1889లో వాళ్లకోసం స్కల్ వ్యాలీ అనే ఎడారి లోయలో యోసేప గ్రామం వెలిసింది. సముద్రం ఎరిగిన జనం మంచులో పశువులు మేపారు, చెట్లు పెంచారు, తమ పాటలు పాడుకున్నారు. హవాయిలోని లైయేలో దేవాలయం కడుతున్నారని తెలిశాక ఒక్కొక్క కుటుంబమే తిరుగుముఖం పట్టింది. 1917కల్లా ఊరు ఖాళీ అయింది. శ్మశానం మాత్రం ఉంది. ఏటా మే నెల చివర వాళ్ల వంశీకులు అక్కడికి వచ్చి, సమాధుల మీద పూలు పెట్టి, పక్కనే వంటలు చేసుకుని పాడుకుంటారు.